మూఢంలో తెరిచిన కొట్టు

మా మావయ్యకి కళ్ళు సరిగా కనబడటం లేదన్న సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఆయనకి, మా అత్తకి, నాకు. మా ఆయనకి చెప్పలేదు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మా ఆడబిడ్డకి అసలే చెప్పకూడదని మావయ్య మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే ఆవిడ ఏడుస్తుంది, ఏడ్చి ఊరుకోదు, అత్తవారింట్లో అందరికీ చెబుతుంది. వియ్యంకుడి ముందు చిన్నబోవడం మావయ్య వల్ల కాదు.

మాది రాజాంకీ చీపురుపల్లికీ మధ్య ఒక ఊరు. నేను రాజాంలో కాలేజీ పిల్లలకి కంప్యూటర్లు చెబుతాను. మావయ్య వరి పండించే రైతు. కానీ ఊళ్ళో ఆయనకున్న పరపతి వరి వల్ల వచ్చింది కాదు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఆనాటి తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం పైకి చదువుతారు. పొలానికి వెళ్ళేవాళ్ళు, పాలు పోయడానికి వెళ్ళేవాళ్ళు ఒక నిమిషం ఆగి విని వెళతారు. బోరు వేయించాలన్నా, నారు తీయాలన్నా, కొత్త బండి ఎక్కాలన్నా ఆయన మాట పడాల్సిందే. నాకు వీటి మీద పెద్ద నమ్మకం లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. ఆయన నన్నూ నేను ఆయన్నీ ఆట పట్టించుకుంటూ రోజులు వెళ్ళదీస్తున్నాం.

కంట్లో ఒత్తిడి పెరిగిందని, రెండు పూటలా చుక్కల మందు వేసుకోవాలని, చిన్న అక్షరాల మీద ఆశ వదులుకోమని డాక్టరు చెప్పిన రోజున ఆయన అడిగింది ఒకటే మాట. “మరి పంచాంగమో?”

మొదట్లో అత్త వంటింట్లో చదివి వినిపించేది, ఆయన బట్టీ పట్టి అరుగు మీదకి వెళ్ళేవారు. వంటింటికీ అరుగుకీ మధ్య ఎక్కడో వర్జ్యం జారిపోయేది. ఒకరోజు ఆయన చెప్పిన రాహుకాలాన్ని నమ్ముకుని ఒక పెద్దాయన చీపురుపల్లిలో రైలెక్కడం మానేసి మా అరుగు మీదే కూర్చుండిపోయాడు. రాహుకాలం అప్పటికే వెళ్ళిపోయింది, ఆ వెనకే రైలూ వెళ్ళిపోయింది.

ఫోన్లో పంచాంగం చెప్పే యాప్ ఒకటి వేసి చూశాను. పెద్ద అక్షరాలున్నాయి, చదివి వినిపిస్తుంది కూడా. కానీ నక్షత్రానికీ వర్జ్యానికీ మధ్య పేకాట ఆడమని ఒక అమ్మాయి కేకలు వేస్తుంది. అరుగు మీద ఆ కేక విని వీధి వీధంతా తిరిగి చూసింది. పైగా ఆ యాప్‌కి మా ఫోన్లో ఉన్న నంబర్లన్నీ కావాలట, మేం ఎక్కడ తిరుగుతున్నామో తెలియాలట. తిథి చెప్పడానికి దానికి ఇన్ని ఆరాలెందుకని ఒళ్ళు మండి తీసి పారేశాను.

నా బుద్ధి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదకి పోయింది. ఎచ్చెర్లలో చదువుకునే రోజుల నుంచీ నాకు ఆ పిచ్చి ఉంది. ఒకరు రాసిన దాన్ని అందరూ వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. మార్చింది మళ్ళీ పదిమందికీ ఇవ్వాలి, అంతే దాని ధర్మం. ఎక్కడో ఎవరో వాళ్ళ భాషలో రోజుకొక పాఠం వినిపించడానికి రాసుకున్న చిన్న యాప్ ఒకటి దొరికింది. పాఠాలు తీసేసి పంచాంగం పెట్టాను. తెర మీద అరచేయంత బొత్తాం ఒకటే ఉంచాను. నొక్కితే ఆనాటి పంచాంగం వినిపిస్తుంది, మా అత్త గొంతులో.

గొంతు అత్తదే ఎందుకంటే, అంతకన్నా వేరే గొంతు ఆయనకి చెవికెక్కదు. వంట అయ్యాక, గేదెని కట్టాక, ఆవిడ పంచాంగం పట్టుకుని కూర్చునేది. నేను రికార్డు చేసేదాన్ని. ఆయన వెంట వెంట పైకి చెప్పుకోవడానికి వీలుగా వాక్యానికీ వాక్యానికీ మధ్య కాస్త ఆగమన్నాను. ఆగింది. ప్రతి రోజు పంచాంగం చివరా ఒక మాట కలిపేది. “కంట్లో సుక్కలేసుకున్నావా, మరిసిపోనావా?” మొదట్లో ఆ మాట కత్తిరించేశాను. అది తెలిసి ఆవిడ పుస్తకం మూసేసింది. “అది నేకపోతే నాను సదవను,” అంది. నోరు మూసుకుని అన్ని రోజులకీ ఉంచాను.

అప్పటి నుంచి మావయ్య పొద్దున్నే ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు “ఆఁ... ఆఁ...” అంటూ అరుగు మీద కూర్చునేవారు. కూతురు రోజూ ఫోను చేస్తోందని, ఎంత ప్రేమ ఉన్న పిల్లో అని వీధిలో మా ఆడబిడ్డకి మంచి పేరు వచ్చింది. చుక్కల మాట రాగానే ఆయన చటుక్కున బొత్తాం నొక్కి ఆపేసేవారు. పంచాంగం మాత్రం ఒక్క ముక్క తప్పు పోలేదు. ఆయన ముఖంలో కళ తిరిగొచ్చింది. చూస్తే నాకు చాలా సంతోషంగా ఉండేది.

ఏడాది చివరికొచ్చేసరికి అసలు చిక్కు మొదలైంది. ఆ యాప్‌లో ఉన్నది ఆ సంవత్సరపు పంచాంగం. ఉగాది దాటితే బొత్తాం నొక్కినా పలకదు. కొత్త పంచాంగం పుస్తకం బజార్లోకి వచ్చింది, అత్త చదవడం మొదలుపెట్టింది, కానీ సంవత్సరం చదవడం ఒకటి రెండు రోజుల్లో అయ్యే పని కాదు. ఈలోగా సోంపేట దగ్గర ఉద్దానం నుంచి వియ్యంకుడు కబురు పెట్టాడు. జీడిపళ్ళు దిగుతున్నాయి, బావని పంపించమని. ఏటా వెళతారు, మానితే ఎందుకు మానావని అడుగుతారు. పైగా ఈసారి ఉగాదికి అక్కడే ఉండి, వాళ్ళ వీధికి పంచాంగం ఆయనే చదవాలట. మావయ్య ఆ మాటకి పొంగిపోయి సరే అనేశారు. అన్నాక నా వైపు చూశారు.

ఆయన అక్కడ ఉండగా, ఎవరూ ఫోను ముట్టుకోకుండా, ఆయన ఒక్క అక్షరం చూడనక్కర లేకుండా, కొత్త యాప్ దానంతట అదే ఆ ఫోన్లోకి వెళ్ళాలి. దానికి దారి ఉంది. మనమే ఒక సొంత యాప్ భాండారం పెట్టుకోవడం. మనం తయారుచేసింది అందులో పెడితే, దాన్ని కనిపెట్టుకుని ఉండే ఫోన్లు తమంతట తామే తెచ్చుకుంటాయి. ఆ భాండారాన్ని నడిపే పనిముట్లు కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. మావయ్యకి అర్థమయ్యేలా, “మనదే ఒక కొట్టు పెడుతున్నాను మావయ్యా,” అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

“కొట్టా? మూఢంలో కొట్టు తెరుస్తావేటి?” అన్నారు.

నిజమే, మూఢం నడుస్తోంది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొట్లు తెరవరు. ఈసారి మూఢం ఉగాది దాటాక గానీ పోదు. ఇది ఇటుకల కొట్టు కాదు, బేరం లేదు, తక్కెడ లేదు అని ఎంత చెప్పినా ఆయన వినరు. నాకు కోపం నసాళానికంటింది. మూఢం పోయాక తెరిస్తే ఉగాదికి మీరేం చదువుతారు, నా తలా అన్నాను. తల అనే మాట మాత్రం మనసులో అనుకున్నాను.

అత్త పప్పు రుబ్బుకుంటూ అంతా వింటోంది. మా ఇంటి గోడ గడియారం ఎప్పుడూ ముందుకే ఉంటుంది, రాజాం బస్సు తప్పిపోకుండా ఆవిడ పెట్టిన పద్ధతి అది. “గోడ గడియారం తిప్పుకోనేదా? ఆ మిసనుకి కూడా తేదీ ముందుకి తిప్పీ. దానికి మూఢం వెల్లిపోతాది,” అంది.

మావయ్య కాసేపు ఆలోచించి, యంత్రం ఒప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నారు. అత్త చేత కొత్త పంచాంగం చదివించుకుని, మూఢం పోయిన తరవాత వచ్చే మంచి ముహూర్తం ఆయనే చెప్పారు. నేను కంప్యూటరు తేదీ ఆ ముహూర్తానికి తిప్పాను. అత్త దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పసుపు తడి లోపలికి దిగకుండా నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

ఆ పనిముట్లు ఎక్కించడం ఒక పెళ్ళి పిలుపుల వ్యవహారం. ఒకరిని పిలిస్తే వాళ్ళతో పాటు ఇంకొకరిని పిలవాలి. అసలు పనిముట్టు పైథాన్‌లో రాసినది, కాబట్టి పైథాన్ ఉండాలి. సంతకాలకి జావా ఉండాలి. యాప్‌ని విప్పి చూడటానికి ఆండ్రాయిడ్ వాళ్ళ సామాను ఉండాలి. ఆ సామానుకి తగిన జావా నేను ఎక్కించినది కాదు, దానికన్నా కొత్తది. అన్నీ అలకలు తీరి వచ్చి కూర్చున్నాక భాండారానికి ఒక తాళంచెవి తయారు చేయమంది. ఇది ముద్ర లాంటిది. ఆ ముద్ర ఉన్న సరుకునే ఫోన్లు నమ్ముతాయి, పోగొట్టుకుంటే మళ్ళీ అన్నీ మొదటి నుంచే. తాళంచెవి చేసేటప్పుడు అది పేరు, ఊరు, రాష్ట్రం అడిగింది. జిల్లా అడగలేదని మావయ్యకి కష్టమేసింది. మా వైపు ఊళ్ళు శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వచ్చేశాయి. ఆయన మాత్రం ఇంకా రాలేదు. ఊరు పేరు పక్కనే శ్రీకాకుళం జిల్లా అని వేయమన్నారు. వేశాను. ప్రభుత్వం వారు చూడరులే అనుకున్నాను.

చివరికి సరుకుల జాబితా తయారై, దాని మీద ముద్ర పడింది. ఇంటర్నెట్లో నాకున్న చోటులో పెట్టాను. మావయ్య ఫోన్లో పాత యాప్ తీసేసి, మా కొట్టు నుంచే మళ్ళీ వేశాను. నా ఫోన్లోనూ వేసుకున్నాను. రెండూ చక్కగా పలికాయి. “సూసావా, మూర్తం,” అన్నారు మావయ్య. ఆ మర్నాడే సంచీ సర్దుకుని ఉద్దానం రైలెక్కారు. చుక్కల సీసా అత్త స్వయంగా సంచీ అడుగున పెట్టింది.

ఆయన వెళ్ళాక కంప్యూటరు తేదీ మామూలుకి తెచ్చాను, తప్పుడు తేదీ ఉంటే కాలేజీ సైటు తెరుచుకోవడం లేదు. అత్త చదవడం పూర్తి చేసింది. రాశిఫలాలతో సహా ఉగాది పంచాంగం పొడుగ్గా చదివింది. కొత్త యాప్ తయారుచేసి, ముద్ర వేసి, కొట్లో పెట్టి, నా ఫోన్లో చూశాను. రాలేదు. మళ్ళీ చూశాను. నువ్వు పెట్టిన జాబితా నా దగ్గరున్న దాని కన్నా పాతది, తీసుకోను అంది ఫోను.

ఇప్పుడే చేసిన జాబితా పాతది ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. కొట్టు నుంచి ఫోన్లోకి సరుకు తెచ్చే యాప్ కూడా దాపరికం లేనిదే కాబట్టి దాని లోపలి రాత తెరిచి చదివాను. కొత్త జాబితా తేదీ ఉన్నదాని కన్నా వెనకదైతే వదిలేయమని అక్కడ శుభ్రంగా రాసి ఉంది. దొంగలెవరైనా పాత జాబితాలు అంటగట్టకుండా ఆ కట్టుదిట్టం. మా మొదటి జాబితా పుట్టింది ఉగాది దాటాక వచ్చే మంచి ముహూర్తంలో. అంటే ఈలోగా నేను ఏమి పెట్టినా ఫోన్లకి అది పాత సరుకే. మూఢం పోయేదాకా మా కొట్టు నుంచి ఒక్క సరుకూ కదలదు.

కుర్చీలో కూలబడి నవ్వాను. ఆ తరవాత ఏడుపొచ్చింది. నా ఫోన్లో అయితే కొట్టుని తీసేసి మళ్ళీ కలుపుకుంటే సరి, చిటికెలో పని. మావయ్య ఫోన్లో ఆ పని ఎవరు చేస్తారు? ఆయనకి కనబడదు. ఆడబిడ్డకి చెబితే గుట్టు బయటపడుతుంది. ఉగాదినాడు వీధి వీధంతా కూర్చుని ఉండగా ఆయన బొత్తాం నొక్కుతారు, చెవిలో ఏమీ వినబడదు.

అత్తకి చెప్పాను. ఆవిడకి జాబితాలూ ముద్రలూ పట్టలేదు గానీ విషయం పట్టింది. “ముందటి మూర్తం కన్నా ఎనకొచ్చే మూర్తమైతే తీసుకుంతాదేటి?” అంది. అవునన్నాను. పుస్తకం తీయకుండానే, ఆ తరవాత వారం దశమి, లక్ష్మివారం, బాగున్నాది, పెట్టీ అంది. సంవత్సరమంతా పైకి చదివిన మనిషి కదా, ఆవిడకి పంచాంగం నోటికొచ్చేసింది.

కంప్యూటరుని మళ్ళీ ముందుకి తిప్పి, దశమి గురువారంనాడు ముద్ర వేసి, కొట్లో పెట్టాను. నా ఫోన్ మారుమాట లేకుండా తీసుకుంది. మావయ్య ఫోన్ తీసుకుందో లేదో తెలిసే దారి లేదు. ఫోను చేస్తే, జీడిపళ్ళు తింటున్నానని, గింజలు వేయించుకుంటున్నామని, బాగున్నానని చెబుతారు. వచ్చిందా అని అడిగితే పక్కన మనుషులున్నారని నాకు అర్థమయ్యేలా ఎండల సంగతి ఎత్తుకుంటారు. ఇంక లాభం లేదని ఉగాదినాడు పొద్దున్నే అత్తా నేనూ చీపురుపల్లిలో రైలెక్కేశాం. రైలు ఆలస్యంగా నడిచింది. దారంతా అత్త సున్నుండల డబ్బా ఒళ్ళోంచి దించలేదు.

సోంపేటలో దిగి ఆటోలో ఆ ఊరు చేరేసరికి వియ్యంకుడి ఇంటి ముందు జనం నిండిపోయి ఉన్నారు. అరుగు మీద మావయ్య కొత్త పంచెలో కూర్చున్నారు. పక్కన వియ్యంకుడు, పొడుగ్గా సన్నగా ఉండే మనిషి, భార్య పోయి మూడో ఏడు. మావయ్య ఒళ్ళో పంచాంగం తెరిచి ఉంది, ఫోను ఎడమ చెవి దగ్గరుంది. ఆయన గొంతు వినిపిస్తోంది. కర్కాటకరాశి చెబుతున్నారు. కొత్త సంవత్సరానిదే. నాకు ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టుని కావలించుకోవాలనిపించింది.

ఆడబిడ్డ మమ్మల్ని చూసి గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది. వచ్చి, వాళ్ళమ్మని కిందికీ మీదికీ చూసింది. “అమ్మా, నువ్వు పోనులో ఉన్నావు గదా? ఇంటికాడి నుంచి నువ్వు వింటన్నావనే గదా నాన్న పోను ఎట్టుకుని సదువుతన్నాడు!”

అత్త చేతిలో సున్నుండల డబ్బా తప్ప ఏమీ లేదు. అరుగు మీద మావయ్య మంచి ఊపులో ఉన్నారు. సింహరాశి వారికి ఆదాయం బాగుందన్నారు, రాజపూజ్యం ఉందన్నారు, అదే గొంతుతో, అదే రాగంతో, “కంట్లో సుక్కలేసుకున్నావా, మరిసిపోనావా?” అన్నారు.

రోజూ ఆ మాట చివర వస్తుంది, అందుకే ఆయన ముందే ఆపేసుకోగలిగేవారు. ఉగాదినాడు ఎక్కువసేపు కూర్చుంటాడని, మందు మరిచిపోతాడని, అత్త దాన్ని సింహరాశి పక్కన ఇరికించిందట. నాకు కూడా చెప్పలేదు.

జనం ఎదురుచూస్తున్నారు. ఒక ముసలమ్మ, చుక్కలు వేసుకోవాల్సింది సింహరాశి వాళ్ళేనా, అందరూనా అని అడిగింది. అత్త డబ్బా నా చేతిలో పెట్టి తిన్నగా అరుగు దగ్గరికి నడిచింది. “ఏసుకోనేదు. కళ్ళు సూస్తే తెలస్తన్నాది,” అంది. వియ్యంకుడు మావయ్య చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకుని తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి గొంతే అందులో కన్యారాశి చెబుతోంది. ఆయన ఫోను వంక చూశాడు, అత్త వంక చూశాడు.

మావయ్య పంచాంగం మూశారు. “నాకు అచ్చరాలు కనబడవు,” అన్నారు అందరికీ వినబడేలా. “ఏడాదై సదువుతన్నది ఈవిడ. నాను కాదు.” అని, పక్కకి జరిగి అరుగు మీద చోటు చేశారు. “రా, కూకో. నువ్వే సదువు.”

ఆడబిడ్డ అనుకున్నట్టే ఏడ్చింది. తరవాత వెళ్ళి చుక్కల సీసా తెచ్చి తనే వేసింది. అత్త ఇంత జనం ముందు ఎన్నడూ కూర్చోలేదు. కన్యారాశి గబగబా చదివేసింది, తులారాశికొచ్చేసరికి కుదురుకుంది. మావయ్య కళ్ళు మూసుకుని మధ్య మధ్య ఆగి, ఇది బాగా వినండి, ఇది మీ పొలాలకి పనికొస్తుంది అని అర్థం చెబుతూ కూర్చున్నారు. ఆయన మనసు అంత తేలికపడటం చాలాకాలంగా నేను చూడలేదు. ఇన్నాళ్ళు పైథాన్‌తో, జావాతో, ముహూర్తాలతో కుస్తీ పట్టిన నన్ను ఎవరూ తలుచుకోలేదని కాస్త ఉడుకుమోత్తనం కలిగింది గానీ, అదీ సున్నుండలు తింటుంటే తగ్గిపోయింది.

భోజనాలయ్యాక వియ్యంకుడు తన ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. తనకీ ఆ పంచాంగం కావాలన్నాడు. మా కొట్టు కలిపి, యాప్ వేసి, బొత్తాం చూపించాను. అప్పుడే నాకు చుక్కల మాట గుర్తొచ్చింది. ఆయనకి కళ్ళు బాగానే ఉన్నాయి, పైగా వియ్యపురాలు రోజూ అలా అడగడం బాగుండదు కదా. ఆ ముక్క తీసేసి మీకు వేరేగా చేసిస్తానని లాప్‌టాప్ తెరిచాను.

“ఉండనీ అమ్మా,” అన్నాడు. “మా ఇంటిది పోయినకాడి నుంచి, పొద్దుటే లేసినాక నన్ను ఏదన్నా అడిగిన మనిసి నేదు.”

తెరిచిన లాప్‌టాప్ మూసేశాను.